మొదటి చిప్ప

జీపు ఇవ్వకపోవడం వల్ల వరహాలమ్మ చచ్చిపోయింది. చెయ్యి తెగడం వల్ల కాదు, జ్వరం వల్ల కాదు. ఈశ్వర్రావుగారి షెడ్డులో జీపు ఉంది. అడిగితే చెడిపోయిందన్నారు. అమలాపురం ఆసుపత్రికి చేరకుండానే ఆవిడ రిక్షాలో పోయింది. పెద్ద తుపాను వచ్చిన మరుసటి ఏడు సంగతి అది. అప్పట్నుంచి ఏడేళ్ళుగా ఆవిడ మొగుడు నూకరాజు ఈ మాటలు ఇదే వరసలో చెబుతున్నాడు. టీ బడ్డీ దగ్గర చెప్పాడు. రేషన్ షాపు దగ్గర చెప్పాడు. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాడికి చెప్పాడు. వినేవాళ్ళు తగ్గిపోయారు గాని అతను చెప్పడం తగ్గలేదు.

ఒక సాయంత్రం అతను అరుగు మీద కూర్చుని మేత పళ్ళేనికి వల అల్లుతున్నాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి చెరువులోకి దించే పళ్ళెం అది. చెరువు ఈశ్వర్రావుగారిది. దానికి కాపలా నూకరాజు. ఈ ముక్క మాత్రం అతను ఎవరికీ చెప్పడు. అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పాల్సిన అవసరమూ లేదు.

కూతురు వెంకటదుర్గ పెద్దింటి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పింది. మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ఆ పిల్ల తండ్రి దగ్గరే ఉండి మిషను కుడుతుంది. ఈశ్వర్రావుగారి భార్య మాధవీలతమ్మగారికి కుట్టిన జాకెట్లు ఇచ్చి వస్తోంది.

"ఆదివారం కాలవగట్టు మీద గెస్టు హౌసులో నిప్పుల చిప్పలు చెయ్యమన్నారు నాన్నా. చేస్తానన్నాను."

నూకరాజు చేతిలో దబ్బనం ఆగిపోయింది.

ఉప్పుటేటి ఆల్చిప్పల్ని విప్పి, లోపలి మాంసం మీద కొబ్బరికారం అద్ది, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చే వంట అది. వరహాలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంట. ఆవిడ పోయాక ఆ పెరట్లో ఎవరూ చిప్ప కాల్చలేదు.

"చేస్తానన్నావా?"

"అన్నాను. హైదరాబాదు నుంచి రొయ్యలు కొనే కంపెనీ వాళ్ళు వస్తున్నారంట. అందులో ఒకాయన అప్పట్లో అమ్మ చేసినవి తిన్నాడంట. ఆ చిప్పలు పెడితేనే వస్తానన్నాడంట. అమ్మగారు అడిగేరు. ఆయ్ అన్నాను."

"ఆయ్ అన్నావు! మీ అమ్మ చెయ్యి దేనికి తెగిందో మర్చిపోయేవా? వాళ్ళింటికొచ్చినవాళ్ళకి ఆ చిప్పలు ఒలుస్తుంటే తెగింది. తెల్లారేసరికి మోచేతి దాకా కుండలా పొంగింది. ఆ చేత్తోనే వండి పెట్టింది. సాయంత్రం నేనెళ్ళి జీపు అడిగితే..."

"నాన్నా."

"షెడ్డులో ఉంది జీపు. కడిగి ఉంది. చక్రాలకింకా తడారలేదు..."

"నాకెందుకు చెప్తావు నాన్నా రోజూ?" అంది వెంకటదుర్గ, కుండలోంచి నీళ్ళు ముంచుకుంటూ. గొంతు పెంచలేదు. "జీపు నా దగ్గరుందా?"

నూకరాజు దబ్బనం వలలో గుచ్చి పళ్ళెం గోడకి విసిరికొట్టాడు. అది గోడకి తగిలి దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గరే పడింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వెంకటదుర్గ బతిమాలలేదు. కంచం మీద మూత పెట్టి పడుకుంది.

తెల్లారి లేచేసరికి ఆ పిల్ల పీట వేసుకుని చూరులో వెతుకుతోంది. తాటాకుల మధ్యనుంచి పొట్టి కత్తి ఒకటి లాగింది. చిప్పలు విప్పే కత్తి. వరహాలమ్మ పోయిన మర్నాడు నూకరాజు దాన్ని అక్కడ దోపాడు. మళ్ళీ తియ్యలేదు, పారెయ్యలేదు. తుప్పు పట్టి పిడి దాకా ఎర్రబడింది.

"అది ముట్టకు."

"వేరే కత్తితో చిప్ప తెరుచుకోదు కదా."

బావి చప్టా మీద ఇసక పోసుకుని, పిడికెడు కొబ్బరి పీచుతో కత్తి తోమడం మొదలుపెట్టింది. నూకరాజు చూస్తూ నిలబడ్డాడు. తల్లికి మల్లేనే ఎడం కాలు ముడుచుకుని కూర్చుంది. అతనికి కోపం ఇంకా పెరిగింది. తుండు దులిపి భుజాన వేసుకుని చెరువుకి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నానికి ఏరు పాటుకి తగ్గింది. చెరువుగట్టు మీద నుంచి చూస్తే పాత లాకు గోడ సగం దాకా బయటపడి ఉంది. నల్లటి ఇటికల మీద చిప్పలు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. వెంకటదుర్గ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఉలి పెట్టి సుత్తితో కొడుతోంది. చప్పుడు గట్టు దాకా వినిపిస్తోంది. అది రావలసిన చప్పుడు కాదు. చిప్ప పగిలే చప్పుడు.

నూకరాజు వినకూడదనుకున్నాడు. మోటారు దగ్గరికి వెళ్ళి నాచు తీశాడు. మళ్ళీ పగిలింది. మేత సంచీ మూతి బిగించాడు. మళ్ళీ పగిలింది. లుంగీ ఎగ్గట్టి గట్టు దిగాడు.

"అవి చిప్పలనుకున్నావా, కొబ్బరికాయలనుకున్నావా?"

"రావట్లేదు నాన్నా."

"నడ్డి మీద కొడితే ఏదొస్తుంది? ఇటు తే." ఉలి లాక్కున్నాడు. "ఇదిగో, గోడని పట్టుకున్న చోట పెట్టాలి. పక్కకి వాల్చాలి. ఒకటే దెబ్బ."

చిప్ప ఊడి అతని అరచేతిలో పడింది. రెండు రెక్కలూ బిగించుకుని, అంచున నీటిబొట్టుతో, బరువుగా. దాన్ని గోనెసంచిలోకి విసిరాడు. ఇంకొకటి కొట్టాడు. సాయం చెయ్యాలని దిగలేదు. పాడు చేస్తుంటే చూడలేక దిగాడు. దిగాక మానలేకపోయాడు. నోరు మాత్రం ఊరుకోలేదు. ఈ లాకు కట్టినవాణ్ణి తిట్టాడు, చెరువుల మురికినీళ్ళు ఏట్లోకి వదిలేవాళ్ళని తిట్టాడు, ఏరు చచ్చిపోతోందని, చిప్పలు సగానికి సగం చిక్కిపోయాయని, వాటినే మళ్ళీ పళ్ళేల్లో పెట్టుకుని నాకే హైదరాబాదు వాళ్ళకి సిగ్గుండాలని తిట్టాడు. నోరు తెరిచి ఉన్న చిప్పల్ని వెంకటదుర్గ ఒకదానికొకటి తాటించి చూస్తోంది. చప్పుడుకి టక్కున మూసుకున్నవి సంచిలోకి, కదలనివి నీళ్ళలోకి.

గట్టు మీద సుమో ఆగింది. సత్తిబాబు దిగాడు. ఈశ్వర్రావుగారి డ్రైవరు. వరహాలమ్మకి పిన్ని కొడుకు. ఆవిడ పోయిన సాయంత్రం గేటు దగ్గర అడ్డంగా నిలబడి "జీపు చెడిపోయింది బావా" అన్నది వీడే.

"అమ్మగారు సంచి తెమ్మన్నారు దుర్గా," అన్నాడు. తర్వాత, నీళ్ళ వైపు చూస్తూ, "బావా, బండిలో పెట్టమంటావా?"

నూకరాజు ఉలి గోడ మీద పెట్టాడు.

"జీపు బాగైందా?"

ఏడేళ్ళుగా సత్తిబాబుతో అతను మాట్లాడేది ఈ ఒక్క మాటే. సంతలో కనబడితే అదే, చావింట్లో కనబడితే అదే. జీపు మూలపడి, సుమో కొన్నాక కూడా అదే. మొదట్లో ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు ఎవరూ నవ్వరు. సత్తిబాబు ఎప్పటిలాగే తల వంచుకున్నాడు. తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వెళ్ళు మావయ్యా," అంది వెంకటదుర్గ. "ఇవి రేపటిదాకా మా ఇంట్లో నీడనుండాలి. నేనే తెస్తానని చెప్పు."

బండి వెళ్ళిపోయాక తండ్రి వైపు తిరిగింది.

"పాపం, ఏమంటాడు నాన్నా ఆయన?"

"అనాల్సిన రోజున అన్నాడు కదా."

"నువ్వు మాత్రం ఆయన్నే అడుగుతావు," అంది. తడి గోనె నెత్తికెత్తుకుని గట్టెక్కింది.

ఆదివారం పొద్దున్నే గెస్టు హౌసు వెనక కొబ్బరి డొక్కలు కాలుతున్నాయి. నూకరాజు రానన్నాడు. రానని చెప్పి, కూతురి వెనకే పట్టకారు పట్టుకుని వచ్చాడు. ఒక్కత్తినీ ఆ ఇంటికి పంపనన్నాడు. నిప్పులు చూసేవాడు లేకపోతే మాడబెడుతుందని కూడా అన్నాడు. రెండింటిలో ఏది నిజమో ఆ పిల్ల అడగలేదు.

వెడల్పాటి ఇనప మూకుట్లో ఏటి ఇసక పరిచింది. చిప్ప ఒరిగితే లోపలి నీళ్ళు పోతాయి, ఇసకలో గుచ్చితే ఒరగదు. నూకరాజు గోనె మడత అరచేతికి చుట్టుకుని చిప్పలు విప్పడానికి కూర్చున్నాడు. వెనక కీలు దగ్గర కత్తిమొన దూర్చి, మెలితిప్పి, పై రెక్క ఎత్తి పారేసి, మాంసం అడుగున కత్తి ఒకసారి ఆడించి కూతురికి అందిస్తున్నాడు. ఇంట్లో చిప్పలు విప్పడం ఎప్పుడూ మొగవాళ్ళ పనే. వరహాలమ్మ చెయ్యి తెగిన రోజు అతను కాకినాడలో ఉన్నాడు, ఈశ్వర్రావుగారికే రొయ్యపిల్లలు తేవడానికి. ఇది కూడా లెక్కలో ఉంది. ఏదీ మర్చిపోలేదు.

వెంకటదుర్గ రోట్లో నూరిన ముద్ద పక్కన పెట్టుకుంది. కొబ్బరికోరు, చిన్నుల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, పుల్లమావిడి తురుము. దాన్ని వేళ్ళతో తీసి చిప్ప నిండా అద్ది, పైన దోరగా వేయించిన బియ్యపు రవ్వ చల్లి, నాలుగు చుక్కలు నెయ్యి వేస్తోంది.

మాధవీలతమ్మగారు వచ్చి వంగి చూశారు. పట్టుచీర కుచ్చెళ్ళు పొగకి దూరంగా పట్టుకున్నారు.

"ఉప్పేసేవా దుర్గా?"

"వెయ్యకూడదండీ. ఏటి నీళ్ళు చిప్పలోనే ఉంటాయి కదండీ."

"అచ్చం మీ అమ్మే. ఆ కూర్చోడం, ఆ చెయ్యీ..." ఆవిడ నిట్టూర్చారు. "ఎంత అదృష్టవంతురాలే మీ అమ్మ. పసుపు కుంకాలతో వెళ్ళిపోయింది. అందరికీ దొరికే చావా అది?"

నూకరాజు చేతిలో కత్తి జారి గోనెలో దిగబడింది. తలెత్తాడు.

"అంతే కదా నూకరాజూ?" అన్నారావిడ, ఆప్యాయంగానే.

"ఆయ్," అన్నాడు నూకరాజు.

వెంకటదుర్గ రవ్వ చల్లడం ఆపి తండ్రిని చూసింది. క్షణం సేపే. మళ్ళీ చల్లింది.

పన్నెండు దాటాక అతిథులు వచ్చారు. వరండాలో బల్ల వేశారు. వంట వెనకే చేసి తెస్తామంటే కంపెనీ పెద్దాయన ఒప్పుకోలేదు. బట్టతల, మెళ్ళో సన్నటి గొలుసు, నవ్వు మొహం. మా కళ్ళ ముందే కాల్చాలని పట్టుబట్టాడు. మూకుడూ నిప్పులూ వరండా మెట్ల ముందుకి మారాయి. ఈశ్వర్రావుగారు తెల్ల లాల్చీలో, కుర్చీల వెనక తిరుగుతూ, అందరి భుజాల మీదా చెయ్యి వేస్తున్నారు. ఆయన కోపంగా మాట్లాడడం ఊళ్ళో ఎవరూ వినలేదు. సత్తిబాబు ఐసు పెట్టె మోసుకొచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

"ఏడేళ్ళయిందండీ," అంటున్నాడు పెద్దాయన పక్కవాళ్ళతో. "ఆ రుచి నాలిక మీద అలాగే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఇవే తిన్నాం, సాయంత్రం మురమళ్ళ వెళ్ళి వీరేశ్వరస్వామి కళ్యాణం చూశాం. జీపులో కుదుపులకి తిన్నదంతా అరిగిపోయింది!"

అందరూ నవ్వారు. ఈశ్వర్రావుగారూ నవ్వారు.

నూకరాజు మూకుడు మీద ఇనప రేకు కప్పి, పట్టకారుతో నిప్పులు రేకు మీదికి ఎత్తుతున్నాడు. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. అంచుల్లో ఎక్కువ, నడుమ తక్కువ. లోపల చిప్పల నీళ్ళు చిటచిటలాడడం మొదలైంది. ఆ చప్పుడు ఆగి, వేగిన కొబ్బరి వాసన తిరగ్గానే తియ్యాలి. జీపులో కుదుపులు, అనుకున్నాడు. అరిగిపోయింది, అనుకున్నాడు. ఇప్పుడు చెప్పాలి. లేచి నిలబడి చెప్పాలి. ఏడేళ్ళుగా నోటికొచ్చిన వరస, ఒక్కొక్కమాటే పేర్చుకుంటే చాలు. వాసన తిరిగింది. అతను లేవలేదు. రేకు తీశాడు.

పైన రవ్వ ఎర్రగా వేగి, అంచుల్లో నెయ్యి పొంగుతోంది. బల్ల దగ్గరి వాళ్ళు ఆహా అన్నారు. వెంకటదుర్గ మొదటి చిప్ప పట్టకారుతో తీసి, పళ్ళెంలో పెట్టకుండా, పక్కనున్న అరిటాకు ముక్క మీద పెట్టింది. ఆకుని తీసుకెళ్ళి ఏటి వైపు గోడ మీద ఉంచింది. తర్వాత వచ్చి మిగతావి పళ్ళేల్లో సర్ది బల్ల మీద పెట్టింది.

"అదేంటమ్మా, మొదటిది అక్కడ పెట్టేశావు? అదెవరికి?" అన్నాడు పెద్దాయన, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ.

"మా అమ్మ మొదటి చిప్ప ఏటికి పెట్టేదండి. ఏటి సొమ్ము కదండీ," అంది వెంకటదుర్గ. "నేను మా అమ్మకి పెట్టేనండి."

"అయ్యో, అమ్మ లేదా? ఆవిడేనా అప్పుడు మాకు చేసింది?"

"ఆవిడేనండి. ఆ రోజే పోయిందండి."

పెద్దాయన చిప్ప నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు.

"తమకోసం చిప్పలు ఒలుస్తుంటే చెయ్యి తెగిందండి. చెయ్యంతా పొంగిపోయిందండి. తమరు భోంచేసేక మా నాన్నగారు వచ్చి ఆసుపత్రికి జీపు అడిగేరండి. చెడిపోయిందన్నారండి. రిక్షాలో వేసుకుని బయల్దేరేమండి. అమ్మ తల నా ఒళ్ళో ఉందండి. దార్లో వెనకనుంచి హారను వినపడితే రిక్షా పక్కకి తీసేరండి. తమ జీపేనండి. మురమళ్ళ కళ్యాణానికి వెళ్తున్నారండి." ఆ పిల్ల కొంగుతో చేతులు తుడుచుకుంది. "వేడిగా ఉన్నప్పుడే తినండి. చల్లారితే బాగోదండి."

ఎవరూ తినలేదు. నిప్పుల్లో డొక్క ఒకటి చిట్లింది. మాధవీలతమ్మగారు "దుర్గా, ఏంటే ఇది" అని, మాట పూర్తి చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఈశ్వర్రావుగారు నవ్వు మొహంతోనే ఉన్నారు. నవ్వు మాత్రం పోయింది.

"చిన్నపిల్ల. తల్లి పోయిన బాధ," అన్నారు. "ఆ రోజు జీపు నిజంగానే రిపేరులో ఉందండీ. సాయంత్రానికెప్పుడో బాగైంది. మన చేతిలో ఏముంది?" పెద్దాయన వైపు చూశారు. పెద్దాయన చిప్పని పళ్ళెంలో పెట్టి, రుమాలు తీసి, ఒక్కొక్క వేలూ తుడుచుకుంటున్నాడు. అతనికి గుర్తుంది. మొహం చూస్తే తెలుస్తోంది. నోరు విప్పలేదు. కొనాల్సిన రొయ్యలు ఎదురుగా చెరువుల్లో ఉన్నాయి.

"ఏం నూకరాజూ?" ఈశ్వర్రావుగారు మెట్ల దగ్గరికి వచ్చారు. "అలా నిలబడ్డావేంటి? నువ్వు చెప్పు. మన ఇంట్లో నీకెప్పుడైనా లోటు జరిగిందా?"

నూకరాజు పట్టకారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. టీ బడ్డీలో చెప్పిన మాటలు, రేషన్ షాపు దగ్గర చెప్పిన మాటలు, గోడకీ గొడ్డుకీ చెప్పిన మాటలు. అన్నీ ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. వరస కూడా తప్పలేదు. జీపు షెడ్డులో ఉంది. కడిగి ఉంది. చక్రాలకింకా తడారలేదు.

"లేదండి," అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి తెలియడానికి కాస్త సేపు పట్టింది. కూతురు అతని వైపు తిరగలేదు. అది మరీ కష్టంగా ఉంది.

"అదీ," అన్నారు ఈశ్వర్రావుగారు. గొంతు తేలికపడింది. "కావాలంటే సత్తిబాబుని అడగండి. ఏరా సత్తిబాబూ, ఆ రోజు జీపు చెడిపోలేదూ?"

స్తంభం పక్కనుంచి సత్తిబాబు రెండడుగులు ముందుకొచ్చాడు. ఐసు నీళ్ళకి చొక్కా ముందంతా తడిసి ఉంది.

"చెడిపోలేదండి."

"ఏంటి?"

"చెడిపోలేదండి. అప్పుడే కడిగి ఉంచేనండి. తాళం తమరి దగ్గరుందండి. కళ్యాణానికి వేళవుతుందని, చెడిపోయిందని చెప్పమని తమరే అన్నారండి. చెప్పేనండి." జేబులో చెయ్యి పెట్టాడు. "దార్లో హారను కొట్టింది నేనేనండి. రిక్షాలో ఉన్నది మా అక్కేనని తెలుసండి నాకు. తెలిసే కొట్టేనండి."

జేబులోంచి సుమో తాళాలు తీసి, బల్ల చివర, పళ్ళెం పక్కన పెట్టాడు. అవి పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టాడు. వరండా దిగి, నూకరాజు పక్కనుంచే, అతన్ని చూడకుండా, గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

పెద్దాయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు లేచారు. చిప్పల మీద నెయ్యి పేరుకోవడం మొదలైంది.

వెంకటదుర్గ మూకుడు వంచి ఇసక పారబోసింది. బిందెడు నీళ్ళు తెచ్చి నిప్పుల మీద కుమ్మరించింది. పొగా బూడిదా లేచి వరండా అంతా నిండాయి. "పద నాన్నా," అంది. విప్పని చిప్పలు గోనెలో ఇంకా మిగిలున్నాయి. ఆ సంచి తనే మోసింది. దారంతా తండ్రికన్నా ముందే నడిచింది. నూకరాజు ఆ వీపు చూస్తూ నడిచాడు. ఒకసారి "దుర్గా" అన్నాడు. ఆ పిల్ల ఆగింది. మళ్ళీ నడిచారు.

పొద్దు వాలుతుండగా పెరట్లో పొయ్యి రాజేసింది. "ఇవి రేపటికి బతకవు," అంది. అంతే. నూకరాజు ఎవరూ చెప్పకుండానే గోనె చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. కీలు దగ్గర కత్తి దూర్చడం, మెలితిప్పడం, పై రెక్క పారెయ్యడం. మిగిలిన ముద్ద సరిపోయింది. ఈ పెరట్లో ఏడేళ్ళ తర్వాత కొబ్బరి వేగుతున్న వాసన. వెంకటదుర్గ మొదటి చిప్ప ఆకులో పెట్టి గోడ మీద ఉంచింది.

అప్పుడే దడి దగ్గర ఎవరో నిలబడ్డట్టయింది. సత్తిబాబు. సైకిలు పట్టుకుని ఉన్నాడు. ఈ ఏడేళ్ళలో అతను ఈ దడి దాటి రాలేదు.

"రా మావయ్యా," అంది వెంకటదుర్గ.

అతను సైకిలు దడికి ఆనించాడు. లోపలికి రెండడుగులు వేసి ఆగాడు. తల వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడం చూస్తే నూకరాజుకి తెలిసింది వాడు దేనికోసం ఆగాడో. ఎప్పుడూ వినే ఆ ఒక్క మాట అనేస్తాడని, అనిపించుకుని లోపలికి రావాలని ఆగాడు. నూకరాజు నాలిక చివర ఆ మాట ఉంది. జీపు బాగైందా. ఎప్పట్లాగే ఉంది, వేడిగా.

అతను పీట కాలితో ముందుకి తోశాడు.

సత్తిబాబు కూర్చున్నాడు. వెంకటదుర్గ పళ్ళెంలో చిప్పలు పెట్టి తండ్రికి అందించింది. నూకరాజు దాన్ని తీసుకెళ్ళి సత్తిబాబు ముందు పెట్టాడు. తిను అనలేదు. క్షమించాననీ అనలేదు. క్షమించలేదు కాబట్టి. అక్క వరసది పడుకున్న రిక్షాకి కొట్టిన హారను, వాడు ఎన్ని తాళాలు పడేసినా పోయేది కాదు. కాని ఇవాళ ఆ బల్ల ముందు వాడు నిజం చెప్పాడు. తను లేదండి అన్నాడు. ఇది కూడా ఏ నీళ్ళు పోసినా పోయేది కాదు.

సత్తిబాబు చిప్ప ఎత్తి, పెదవికి ఆనించి, నీళ్ళతో సహా ఒక్కసారిగా నోట్లో వేసుకున్నాడు. మెల్లగా నమిలాడు. కళ్ళు దించుకున్నాడు.

"అక్క చేసినట్టే ఉంది దుర్గా."

"ఇంకోటి తీసుకో మావయ్యా."

"ఆ రోజే చెప్పాల్సింది బావా," అన్నాడు సత్తిబాబు. "తాళం నా చేతిలో లేదు గాని, నోరు నా దగ్గరే ఉంది. ఆ రోజు గేటు దగ్గర నేను..."

"ఎత్తకు," అన్నాడు నూకరాజు.

"అది కాదు బావా, ఒక్కసారి..."

"ఆ సంగతి ఎత్తకన్నాను. ఈ ఇంట్లో ఎత్తకు. ఇంకెక్కడా ఎత్తకు." కత్తి మొన నేలకి ఆనించాడు. కూతురి వైపు చూడలేదు గాని ఆ తర్వాతి మాట ఆ పిల్లకే. "నేనూ ఎత్తను."

వెంకటదుర్గ రేకు మీద నిప్పులు సర్దుతోంది. పట్టకారు కాసేపు గాలిలో ఆగి, మళ్ళీ దిగింది.

మర్నాడు టీ బడ్డీ దగ్గర అందరూ అతనికోసమే కాసుకుని ఉన్నారు. వినేవాళ్ళు అంతమంది ఎప్పుడూ లేరు. బెంచీ మీద చోటిచ్చారు. "ఏంటి నూకరాజు మావా, నిన్న గెస్టు హౌసులో ఏదో జరిగిందంట? మీ అమ్మాయి కడిగేసిందంట కదా? జీపు సంగతేనా?" అని ఒకరి మీద ఒకరు పడి అడిగారు. నూకరాజు టీ తాగాడు. గ్లాసు తొలిచి ఇచ్చాడు.

"ఏ జీపు?" అన్నాడు.

తువ్వాలు దులుపుకుని ఇంటిదారి పట్టాడు. సగం అల్లిన మేత పళ్ళెం అరుగు కింద అలాగే ఉంది. చెరువు నుంచి ఎవరొచ్చి పిలిచినా అతను దాన్ని మళ్ళీ ముట్టలేదు. చెరువు కాపలాకి మళ్ళీ వెళ్ళలేదు. ఆ జీపు సంగతి మళ్ళీ అతని నోటినుంచి ఎవరూ వినలేదు.